వద్దన్న వెర్షన్

మార్చి 3, సోమవారం

గళ్ళచొక్కా పొద్దున్నే ఊడిపడ్డాడు. వచ్చేముందు ఒక్క ఫోను చేస్తే అరిగిపోతాడు కాబోలు. ప్రచురణ సంస్థ తరఫున పన్నెండేళ్లుగా వస్తున్నాడు, పన్నెండేళ్లుగా అవే గళ్ళు. కూర్చోమంటే కూర్చోలేదు. నర్సుల చేతిపుస్తకం మొదటి మూడు ఫారాల, అంటే నలభై ఎనిమిది పేజీల, నమూనా ప్రతి నా బల్ల మీద పెట్టి, మడిచి ఉంచిన పేజీ విప్పాడు. ముప్పై ఏడు. పసిపిల్లల జ్వరం మందు. రెండు పాయింట్ ఐదు ఉండాల్సిన చోట చుక్క ఎగిరిపోయి ఇరవై ఐదు అయి కూర్చుంది.

"మేడమ్, ఇది ఇలాగే అచ్చయి వార్డులోకి వెళ్తే ఏమవుతుందో నేను చెప్పాలా?"

అక్కర్లేదు. కంపోజింగులో చుక్క మింగింది నేను. పట్టుకోవాల్సింది అన్నయ్య. ఇరవై రెండేళ్లుగా ఈ రెండు గదుల్లో జరుగుతున్నది అదే. నేను తప్పులు చేస్తాను, అన్నయ్య పట్టుకుంటాడు.

గళ్ళచొక్కా పక్కగది వైపు చూసి గొంతు తగ్గించాడు. తలుపు వేసే ఉంది.

"మాస్టారంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు. కానీ ఆ స్ట్రోక్ వచ్చి లేచాక ప్రూఫులు మునుపటిలా రావట్లేదు. మావాళ్లు వేరేవాళ్లకి ఇచ్చేద్దామంటున్నారు. నెలాఖరుకి మిగతా ఫారాలు తప్పుల్లేకుండా వస్తే నేను మాట్లాడగలను. లేదంటే నా చేతుల్లో ఏం లేదు."

ఈ పని పోతే అన్నయ్య ఏమవుతాడో నాకు తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చాక మూడు నెలలు వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. పలకరిస్తే పలికేవాడు, లేకపోతే లేదు. మళ్లీ ఈ గదిలోకి వచ్చి కూర్చున్న రోజే మనిషయ్యాడు.

తప్పు ఎవరిదో కూడా నాకు తెలుసు. స్క్రీన్‌ది. స్ట్రోక్ వల్ల కుడివైపు చూపు తగ్గిందని డాక్టరు చెబితే, నేనే అన్నయ్య కంప్యూటర్లో అక్షరాలన్నీ నూట ఇరవై ఐదు శాతానికి పెంచాను. మా లినక్స్ డెస్క్‌టాప్‌కి ఆ నూట ఇరవై ఐదంటే పడదు. వందకి బాగుంటుంది, రెండొందలకి బాగుంటుంది, మధ్యలో ఎక్కడ పెట్టినా అక్షరాలను నీళ్లలో నానబెట్టినట్టు చూపిస్తుంది. ఒత్తులు ఉబ్బిపోతాయి, చుక్కలు కరిగిపోతాయి. ఈ జబ్బు కొత్త వెర్షన్లో నయమైందట. అది ఏప్రిల్ మూడో వారానికి గానీ రాదు. మా గడువేమో మార్చి ముప్పై ఒకటి.

దానికి ముందు పరీక్ష కోసం వదిలే బీటా మాత్రం ఇప్పుడే దొరుకుతుంది.


4, మంగళవారం

చుక్క సంగతి అన్నయ్యకు చెప్పాను. "అవునా" అన్నాడు. ఒక్క కామా తన కన్నుగప్పి పోతే రెండు రోజులు అన్నం సహించని మనిషి. అవునా అట!


6, గురువారం

బీటా మాట ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది.

"అన్నయ్యా, నీ మిషన్లో కొత్త వెర్షన్ వేస్తాను. అక్షరాలు కడిగినట్టు ఉంటాయి."

"వద్దు."

"ముందు పూర్తిగా విను."

"విన్నా. వద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండనీ."

"ఉన్నదాంట్లో నీకు సరిగ్గా కనపడట్లేదు కదా!"

"కనపడుతోందిలే."

"మరి చుక్క ఎలా పోయింది?"

ముఖం అటు తిప్పుకున్నాడు. "పాపా, ఈ పుస్తకం అయ్యేదాకా దాని జోలికి రాకు. అంతే." హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకున్నాడు. ఇక నేను గోడతో మాట్లాడుకోవాలి.

నాకు నలభై ఎనిమిదేళ్లు. ఇంకా పాపనే.

ఆ హెడ్‌ఫోన్ ఒకటి నా ప్రాణానికి. పనిలోకి తిరిగి వచ్చిన దగ్గర్నుంచి పొద్దున తగిలించుకుంటే భోజనానికే తీయడం. ఏం వింటున్నావంటే "పాటలు" అంటాడు. పాట వినపడితే కాలు ఆడకుండా ఉండేది కాదు ఈ మనిషికి. ఇప్పుడు కొయ్యలా కూర్చుని వింటాడు. అవేం పాటలో.

పోనీ, కాగితం మీద తీసిస్తాను, పాత పద్ధతిలో ఎర్ర పెన్నుతో దిద్దమన్నాను. దానికీ వద్దే. స్క్రీన్ మీద ప్రూఫు చూడమన్నందుకు ఒకప్పుడు నన్ను నానా మాటలూ అన్నవాడు! "ఇప్పుడు దీనికి అలవాటు పడ్డాను" అంటాడు. మొండితనానికైనా ఒక పద్ధతుండాలి.


8, శనివారం

నా మిషన్లో బీటా వేసేశాను. నా మిషను, నా ఇష్టం.

ఎంత బాగుందో! నూట ఇరవై ఐదులో పెట్టి ముప్పై ఏడో పేజీ తెరిచాను. చుక్క లేని చోట చుక్క లేదని కుర్చీ వెనక్కి జరిపినా తెలుస్తోంది. రోజంతా తిప్పి తిప్పి చూశాను. కంపోజింగు సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది. ప్రింటరు పలుకుతోంది. తెలుగు కీబోర్డు మొదట మొరాయించింది, ఒకసారి ఆపి మళ్లీ పెడితే దారికొచ్చింది. స్కానరు సరే. ఫాంట్లు సరే. తెలిసిన లోపాలని వాళ్లే ఒక జాబితా పెట్టారు, అదీ రెండుసార్లు చదివాను. మనకు తగిలేవి ఏమీ లేవు.

నేనేదో కొత్తదనం పిచ్చితో ఇదంతా చేస్తున్నానని అన్నయ్య అనుకుంటాడు. కాదు. కొంచెం ఉంది. కానీ ప్రధానంగా కాదు.


9, ఆదివారం

వదిన మేడ దిగి వచ్చి నా వెనక నిలబడింది.

"ఏంటమ్మడూ, ఆదివారం కూడా దాన్ని వదలవా? పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నావు."

ఇది చూడు, అది చూడు అని పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టి చూపించాను. వదిన లెక్కల టీచరు. ఏదైనా తేడా చూపిస్తే ఒప్పుకుంటుంది. "నిజమే, శుభ్రంగా ఉన్నాయి" అంది.

"మరి మీ ఆయనకి చెప్పు."

"వద్దన్నాడుగా."

"ఎందుకు వద్దో చెప్పాడా?"

వదిన నీళ్లు నమిలింది. "ఆయనకి అలవాటైనట్టు ఉండనీవే. ప్రతిదీ కదపడమెందుకు?"

మొగుడూ పెళ్లాలు ఒకటే. మధ్యలో ఆడపడుచు మాట ఎవరికి కావాలి? చేతిలో పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది. ఈ మధ్య పేపరంతా వదినే పైకి చదువుతుంది, అన్నయ్య కళ్లు మూసుకుని వింటాడు. ఆవిడ గొంతులో వింటే బాగుంటుందట. అరవై దాటాక ఈ సరసాలేమిటో.


11, మంగళవారం

నెట్‌లో లినక్స్ వాడేవాళ్ల ఫోరంలో అడిగాను. గడువు మీద పని ఉన్న మిషన్లో బీటా వేయొచ్చా అని. తొమ్మిది మంది జవాబిచ్చారు. ఏడుగురు ఆగమన్నారు. ఒకాయన "మీ అన్నయ్య వద్దంటున్నప్పుడు ఇక ప్రశ్నేముంది?" అని రాశాడు. ఇలాంటి వాళ్లు ఫోరంలో ఎందుకుంటారో తెలియదు. తొమ్మిదో ఆయన వేసేయమన్నాడు. ఆయన మాటల్లో విషయం ఉంది.


12, బుధవారం

నాలుగో ఫారం అన్నయ్య గదిలోంచి వచ్చింది. చీటీల మీద తప్పులు రాసిస్తాడు, ఎప్పటిలాగే, అచ్చు పోసినట్టుండే ఆ చేతిరాతతో. యాభై రెండో పేజీలో 'ద్రావణం' బదులు 'ద్రావకం' పడిందని పట్టుకున్నాడు. అరవయ్యో పేజీలో ఒక వాక్యం రెండుసార్లు వచ్చిందని పట్టుకున్నాడు. మెదడు చురుగ్గానే ఉంది, నేనెప్పుడూ కాదనలేదు.

కానీ యాభై ఐదులో ఒక ఉపశీర్షిక మామూలు అక్షరాల్లో పడిపోయింది, వదిలేశాడు. యాభై తొమ్మిదిలో పట్టిక గీతలు అంకెల మీదుగా పోయాయి, వదిలేశాడు. అరవై ఒకటిలో నాలుగు గంటలకొకసారి అని మూలంలో ఉంటే నేను ఆరు గంటలని కొట్టాను. అదీ వదిలేశాడు! మూలం పక్కనే పెట్టుకుని కూర్చునే మనిషి!

ఆ మూడూ నేనే దిద్దాను. ఎవరికీ చెప్పలేదు.

మాటల తప్పు పట్టగలిగినవాడు గీతలు, అంకెలు పట్టలేకపోతున్నాడంటే మసక కాక మరేమిటి? మసకే. నాకిక సందేహం లేదు.


13, గురువారం

రేపు పొద్దున అన్నయ్యను వదిన వ్యాయామం చేయించడానికి తీసుకెళ్తుంది. మూడు గంటలు.


14, శుక్రవారం

వాళ్లు గేటు దాటారో లేదో అన్నయ్య కుర్చీలో కూర్చున్నాను. ముందు మిషను మొత్తం వేరే డిస్కులోకి నకలు తీశాను. నేనేమీ తెలివితక్కువదాన్ని కాను. తర్వాత బీటా. నలభై నిమిషాలు. ఒక్క అడ్డంకీ రాలేదు. అక్షరాలు పెంచి, ఐదో ఫారం తెరిచి పెట్టి, తెర కూడా తుడిచి వచ్చాను.

అన్నయ్య పదకొండున్నరకు వచ్చి కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, ముఖం చూద్దామని.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఎడమచేత్తో ఏవో మూడు మీటలు కలిపి నొక్కాడు. ఆగాడు. మళ్లీ నొక్కాడు. హెడ్‌ఫోన్ తీగ ఊడిందేమోనని లాగి చూసి మళ్లీ గుచ్చాడు. మళ్లీ నొక్కాడు. తెర వైపు చూడనే లేదు. కడిగినట్టున్న నా అక్షరాల వైపు ఒక్కసారి కూడా చూడలేదు!

"ఏం చేశావు దీన్ని?"

"కొత్తది వేశాను. ఒకసారి చూడన్నయ్యా ఎలా..."

"పాతది పెట్టు."

"ముందు చూడు!"

"పాతది పెట్టమన్నానా లేదా? నా మిషను ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నన్ను అడగకుండా ఎవరు చేయమన్నారు?"

ఇంత గొంతు వేసి అరవడం నేను చిన్నప్పుడు కూడా వినలేదు. నాకూ ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు అనేశాను. "ఎవరి కోసం చేశాను? నీ తప్పులు దిద్దలేక నా తల ప్రాణం తోకకొస్తోంది. నాలుగో ఫారంలో మూడు వదిలేశావు, నేను కప్పిపుచ్చాను. ఈ నెల దాటితే నీకు పనుండదు, తెలుసా? గళ్ళచొక్కా నా ముఖం మీదే చెప్పాడు."

అన్నయ్య లేచాడు. గోడ పట్టుకుని నడిచి మేడ మీదకు వెళ్లిపోయాడు. మెట్ల మీద ఆగి ఆగి వెళ్లడం ఇక్కడికి వినిపించింది.

పాటలు రాకపోతే ఇంత రాద్ధాంతమా?


15, శనివారం

మాటల్లేవు. వదిన కూడా నాతో పొడిపొడిగానే.


16, ఆదివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగినది జరిగినట్టు రాస్తాను.

ఐదో ఫారం నేనే పూర్తి చేద్దామని అన్నయ్య చీటీలు తిరగేస్తుంటే ఒకదాని మీద టీ ఒలికి ఒక మాట అలుక్కుపోయి ఉంది. ఒకందుకు మంచిదే అనుకున్నాను. ఆ వంకతో పైకి వెళ్లి మాట కలపొచ్చు. క్షమించమని అడగడం నాకు చేతకాదు. చీటీ అడగడం చేతనవుతుంది.

అన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. వదిన బట్టలు మడతపెడుతోంది. చీటీ అందించాను.

"ఇక్కడేం రాశావు, అర్థం కాలేదు."

తీసుకున్నాడు. దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "కళ్లజోడు లేదు" అన్నాడు.

కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

నేను నవ్వబోయాను. వదిన చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది. అది చూసి నాకు నవ్వు రాలేదు.

"మొదటి మాట చదువన్నయ్యా. అలుక్కుపోయింది కాదు. మొదటిది."

"పాపా..."

"నీ చేతిరాతే కదా. చదువు."

"రాదు పాపా."

చీటీ నాకు తిరిగి ఇచ్చేశాడు. "ఆ రోజు నుంచీ రాదు. ఎనిమిది నెలల నుంచి. అక్షరాలు కనపడతాయి. మసకేం లేదు, నువ్వు పెంచకముందూ లేదు, పెంచాకా లేదు. నల్లగా, స్పష్టంగా కనపడతాయి. ఏవో తెలీవు. ముక్క తెలీని వేరే భాష రాసినట్టు ఉంటుంది."

"మరి రాస్తున్నావు కదా!"

"రాయగలను. చెయ్యికి గుర్తుంది. రాసింది నేనే చదవలేను."

నేను నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరడం లేదు. రాయగలిగినవాడు చదవలేకపోవడమేమిటి? ఆస్పత్రిలో పేరు, తేదీ రాయమంటే గుండ్రంగా రాశాడు. అది చూసి అందరం చేతులెత్తి దండం పెట్టుకున్నాం. చదవమన్నప్పుడు తల తిరుగుతోందన్నాడు, సరే పాపం అనుకున్నాం.

మరి ప్రూఫులు? అడిగాను. చెప్పాడు. పనిలోకి తిరిగొచ్చిన రెండో రోజు వేలు తగిలి ఏవో మీటలు కలిసి నొక్కుకున్నాయట. మిషను దానంతట అదే తెర మీద ఉన్నది పైకి చదవడం మొదలుపెట్టిందట. చూపులేని వాళ్ల కోసం పెట్టిన గొంతు. ఆ మూడు మీటలు గుర్తుపెట్టుకున్నాడు. పాటలు లేవు, ఏమీ లేవు. రోజుకు ఎనిమిది గంటలు ఆ గొంతు చదువుతుంటే విని, చెవికి తేడాగా తగిలినవి చీటీల మీద రాశాడు. మూలంతో పోల్చడం కుదరదు కదా. చుక్క పోయి ఇరవై ఐదయితే ఆ గొంతు ఇరవై ఐదనే చదివింది.

నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. "పసిపిల్లల మందు అన్నయ్యా! మూలం చూడకుండా సరే అని సంతకం పెట్టావు!"

"తెలుసు. చుక్క సంగతి నువ్వు చెప్పిన రోజే మానేద్దామనుకున్నా." కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నాడు. "మానేసి పొద్దున్నే లేచి ఏ గదిలో కూర్చోను? మళ్లీ ఆ వరండాలోనేనా?"

కిందకు వచ్చేశాను.


17, సోమవారం

నరాల డాక్టరు దగ్గరకు ముగ్గురం వెళ్లాం. ఇలా అవుతుందట. అరుదే, కానీ అవుతుందట. చదవడానికి మెదడులో ఒక దారి, రాయడానికి ఒక దారి. ఒకటి తెగినా రెండోది ఉండొచ్చు. కొంత తిరిగి రావచ్చు, అభ్యాసం చేయించాలి, నెలలు పడుతుంది, రాకపోవచ్చు కూడా. ఆమె ఎంత మామూలుగా చెప్పిందంటే, ఎనిమిది నెలల కిందటే ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే తెలిసిపోయేదనిపించింది.

బయట బల్ల మీద కూర్చున్నప్పుడు వదినను నిలదీశాను. "నీకు తెలుసు కదూ?"

"తెలీదు. అనుమానం ఉంది. పేపరు చదవమన్నప్పుడల్లా ఉంది."

"అడగొచ్చుగా!"

"అడిగితే నిజం చెప్తాడని భయమేసింది" అంది వదిన, ముక్కు తుడుచుకుంటూ. స్కూలునిండా పిల్లల్ని గడగడలాడించే మనిషి.

నేనూ అడగలేదు. నేను కంప్యూటర్ని అనుమానించాను.


18, మంగళవారం

పాతది పెట్టేశాను. నకలు తీసి ఉంచబట్టి గంటన్నరలో అయిపోయింది. మూడు మీటలూ నొక్కి హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టుకున్నాను. బండి ఆలస్యంగా వస్తుందని చెప్పే స్టేషను గొంతులా ఉంది. ఒత్తులన్నీ నమిలేస్తోంది, ఎక్కడా ఊపిరి తీసుకోదు. పది నిమిషాలకు నాకు తలనొప్పి వచ్చింది. దీన్ని అన్నయ్య ఐదు నెలలు విన్నాడు, రోజంతా, మాకు తెలియకుండా, పాటలని చెప్పి.

బీటా తయారుచేసినవాళ్లు పెట్టిన ఆ లోపాల జాబితా మళ్లీ తీశాను. పదిహేడోది: చదివి వినిపించే గొంతు కొన్ని మిషన్లలో పలకకపోవచ్చు. ఎనిమిదో తారీఖున ఆ లైను నేను చదివాను. రెండుసార్లు చదివాను. మనకు తగిలేవి ఏమీ లేవని ఈ డైరీలోనే రాసుకున్నాను.

వాళ్లకు ఫిర్యాదు రాసి పంపాను. మర్యాదగా రాయడానికి నాలుగుసార్లు కొట్టేయాల్సి వచ్చింది. తప్పు నాదయితే కోపం వాళ్ల మీద చూపిస్తున్నాను, అదీ తెలుసు.


20, గురువారం

గళ్ళచొక్కాకు నేనే ఫోన్ చేస్తానన్నాను. అన్నయ్య ఒప్పుకోలేదు. "రమ్మను. ఎదురుగా చెప్తా."

వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. అన్నయ్య ఏ ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాడు. "నాకు చదవడం పోయిందండీ. మొదటి మూడు ఫారాలూ, నాలుగోదీ నేను మూలంతో పోల్చలేదు. అవి అచ్చుకు పంపకండి. మళ్లీ మొదట్నుంచి చూడాలి. మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది."

గళ్ళచొక్కా నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"మరి ఇప్పుడెలా మాస్టారూ?"

"వింటాను. మా చెల్లి అచ్చులో ఉన్నది పైకి చదువుతుంది. మా ఆవిడ మూలం పట్టుకుని కూర్చుంటుంది. నేను వింటాను. ఒక్క ఫారం ఇచ్చి చూడండి. అందులో ఒక్క తప్పు మీకు దొరికినా మీరు చెప్పక్కర్లేదు, నేనే లేచిపోతా."

ఇదంతా ఎప్పుడు అనుకున్నాడో, నాతో మాట మాత్రం అనలేదు. వదినతో కూడా అన్నట్టు లేదు, ఆవిడ కళ్లు పెద్దవి చేసి వింటోంది. గళ్ళచొక్కా చాలాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి ఒప్పుకున్నాడు. ఏడో ఫారం. మంగళవారానికి ఇవ్వాలి. వాళ్ల దగ్గర ఇంకో ఇద్దరితో చూపిస్తాడట.

వెళ్లాక అన్నయ్య అడిగాడు, "పాపా, ఆ కొత్తదాంట్లో అక్షరాలు నిజంగా అంత బాగున్నాయా?"

బాగున్నాయన్నాను. నా మిషన్లో ఉంచుకుంటానని, చదివేది దాంట్లోనే అని, తనదాన్ని మాత్రం తను చెప్పేదాకా ఏప్రిల్లో కాదు కదా వచ్చే ఏప్రిల్లో కూడా ముట్టుకోనని చెప్పాను. "చూద్దాంలే" అన్నాడు.


22, శనివారం

మొదలుపెట్టాం. గొడవే గొడవ. నేను వేగంగా చదువుతానట, వదిన వెనకబడిపోతుందట. వదిన కామా దగ్గర ఆపుతుంది, నాకు చిర్రెత్తుతుంది. "నువ్వు క్లాసులో లేవు వదినా" అన్నాను. "నువ్వూ రైల్లో లేవు" అంది. మూడు పేజీలకు రెండు గంటలు. పదహారు పేజీలు మంగళవారానికి ఎలా అవుతాయో ఆ దేవుడికే తెలియాలి. అన్నయ్య ఒక్క మాట మాట్లాడడు. ఒళ్లో చేతులు పెట్టుకుని, తల కాస్త ఎడమకు వంచి కూర్చుంటాడు.


23, ఆదివారం

ఇవాళ తొమ్మిది పేజీలయ్యాయి. రెండు తప్పులు వదిన పట్టింది, ఒకటి నేను పట్టాను. అన్నయ్య ఏమీ పట్టలేదు.

భోజనాల దగ్గర తనే అన్నాడు, "మీ ఇద్దరూ చాలేమో ఈ పనికి. నేను ఊరికే కూర్చుంటున్నా." వదిన కసిరింది. నాకూ పొద్దుట్నుంచి అదే అనిపిస్తోంది.


24, సోమవారం

వదిన స్కూలుకు సెలవు పెట్టింది. పొద్దున తొమ్మిదికి కూర్చున్నాం. ఇంకా నాలుగు పేజీలున్నాయి. నూట తొమ్మిదో పేజీ, పిల్లల దగ్గు మందులు. నాకు గొంతు పట్టేసింది. త్వరగా అయిపోతే బాగుండునని చదువుతున్నాను.

"భోజనం తర్వాత, గోరువెచ్చని నీటితో, రోజుకు మూడుసార్లు, ఐదు రోజులపాటు..."

మూలంలో వేలు పెట్టుకున్న వదిన తల ఊపింది. నేను తర్వాతి లైన్లోకి వెళ్లాను.

"ఆగు" అన్నాడు అన్నయ్య.

ఆగాను.

"ఆ ముందు లైను మళ్లీ."

"భోజనం తర్వాత, గోరువెచ్చని నీటితో, రోజుకు మూడుసార్లు..."

"అక్కడ. 'రోజుకు' తర్వాత నీ గొంతు రవ్వంత ఆగింది. ఇందాకా ఆగింది, ఇప్పుడూ ఆగింది. ఏముంది అక్కడ?"

"మూడుసార్లు అనే ఉంది అన్నయ్యా. వదినా, నీ దాంట్లో?"

"మూడుసార్లే" అంది వదిన.

"మీ వదినది కాదు. నీదాంట్లో. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చెప్పు."

విసుగ్గానే తెర మీద వేలు పెట్టాను. రోజుకు. సార్లు. ఐదు. రోజులపాటు.

మళ్లీ చూశాను. రోజుకు సార్లు. మధ్యలో మూడు లేదు. ఎప్పుడు ఎగిరిపోయిందో, అసలు కొట్టానో లేదో. ఆ కడిగినట్టున్న అక్షరాల్లో, చుక్క కూడా తప్పిపోని ఆ తెర మీద, లేని మాటను నేను రెండుసార్లు గట్టిగా పైకి చదివాను.

"లేదు" అన్నాను. "మూడు లేదు అన్నయ్యా."

అన్నయ్య చెయ్యి చాచాడు. వదిన చీటీ, పెన్ను అందించింది. రాసుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ ముఖం చూశాను, నేను తప్పు చేసి తను పట్టుకున్నప్పటి ముఖం. కొంచెం కోపం, దానికింద బోలెడంత సంతోషం.

"ఉండాల్సింది చదవకు పాపా. ఉన్నదే చదువు. నాకున్న కళ్లు నువ్వే."

వదిన మంచినీళ్లిచ్చింది. "పేజీ మొదట్నుంచి" అన్నాడు అన్నయ్య. పేజీ మొదట్నుంచి చదివాను.